ఎదురుకుట్టు

ఇల్లు,
కుట్టుమిషన్ ముందు నుంచి

చిన్నోడికి అక్క దీవెనలు.

శాసనసభ్యుడు గారికి తీరిక ఉండదని తెలుసు గానీ, బతికే ఉన్నానని ఒక్క ముక్క రాస్తే నీ చెయ్యి అరిగిపోతుందా? నువ్వు గెలిచి రాజధానికి వెళ్ళిన దగ్గర్నుంచి నీ కబుర్లు నాకు పేపర్లోనే తెలుస్తున్నాయి. మొన్న నీ ఫోటో కూడా వేశారు. చొక్కాకి పై బొత్తాం లేదు. ఊరందరికీ బట్టలు కుట్టేదాని తమ్ముడు బొత్తాం లేని చొక్కాతో సభలో నిలబడితే నా పరువేం కావాలి?

ఇక్కడ నీ ఆసుపత్రి నడుస్తూనే ఉంది. ముందు గదిలో నర్సమ్మ కట్లు కడుతోంది, పొద్దున్నపూట ఆ కొత్త డాక్టరు వచ్చి మందులు రాస్తున్నాడు. వచ్చినవాళ్ళు మాత్రం అతన్ని వదిలేసి, వెనక గదిలో ఉన్న నా మొహం చూస్తారు. "డాక్టరు గారెప్పుడొస్తారమ్మా?" అని. "దేశానికి జబ్బు చేసిందట, అది నయం చేసి వస్తాడు. అందాకా దగ్గు ఆపుకోండి" అంటున్నాను. నవ్వుతారు, నవ్వీ నవ్వీ దగ్గుతారు.

నిన్న బండి తోలే ఆయన వచ్చి, గడ్డం పైకెత్తి కొత్త డాక్టరుకి మచ్చ చూపించాడు. "ఇదిగోండి, ఎదురుకుట్టు. మా డాక్టరు గారి చెయ్యి. దారం ఊడదీసి ఏళ్ళయినా ఎవరు కుట్టారో చెప్పెయ్యొచ్చు" అని ఒకటే గొప్ప. ఆ కొత్తాయనకి అర్థం కాలేదు. "కుడిచేత్తో రాసే మనిషి ఎడమచేత్తో ఎందుకు కుట్టాడు?" అన్నాడు. నేనే చెప్పాను. అమ్మ పోయాక నిన్ను ఒక్కణ్ణీ వదల్లేక, మిషన్‌కి అవతల స్టూల్ మీద కూచోబెట్టి చేతికి సూదీ గుడ్డముక్కా ఇచ్చేదాన్ని. నేను కుడిచేత్తో కుడుతుంటే నువ్వు అద్దంలో బొమ్మలాగా ఎడమచేత్తో కుట్టావు. అది తప్పురా అని చెప్పేలోగా నాకంటే బాగా కుట్టేశావు. అన్నానికీ కలానికీ కుడిచెయ్యి, సూది పడితే ఎడమచెయ్యి. చివర్లో దారాన్ని మెలేసి దాని కిందనుంచే లాగే ఆ ముడి కూడా నాదే. మీ కాలేజీలో పెద్ద డాక్టరు "ఎవరయ్యా నీకీ వంకరకుట్టు నేర్పింది?" అని అరిస్తే "మా అక్కండీ" అన్నావట. ఆ మాట చెప్పుకుని మేమంతా నవ్వుకున్నాం.

నవ్వులు పక్కన పెట్టు. ఎదురింటి అరుగు మీద ఒకడు వారం నుంచి పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పడు. టీకొట్టులో మీ కమ్యూనిస్టుల పేరెత్తితే ఇదివరకు గోల చేసేవాళ్ళు, ఇప్పుడు గ్లాసులోకి చూస్తున్నారు. నాకు భయంగా ఉంది రా. చక్కగా నాడి చూసుకుంటూ బతికేవాడివి, ఈ పులి మీద స్వారీ ఎందుకు?

అక్క


రాజధాని,
పార్టీ ఆఫీసు మేడమీద గది

అక్కకి,

తిట్లన్నీ అందాయి. బొత్తాం సంగతి సభలో ఎవరూ చూడలేదు, మా అక్క కన్ను అక్కడ లేదు కదా.

ఎందుకు అని అడిగావు. నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మిల్లులో దారం వడికే ఒకాయన నా దగ్గరికి దగ్గుతో వచ్చేవాడు. ఛాతీ మీద చెవి పెడితే లోపల దూది కూరినట్టుండేది. మందు రాసేవాణ్ణి, మళ్ళీ ఆ దుమ్ములోకే పంపేవాణ్ణి. మళ్ళీ వచ్చేవాడు, మళ్ళీ రాసేవాణ్ణి. చివరికి ఆయన భార్య వచ్చి, "మీ మందు మంచిదండీ, పోయేముందు దగ్గు తగ్గింది" అంది. నన్ను మెచ్చుకోవడానికే అంది అక్కా. ఆ సాయంత్రమే పార్టీ ఆఫీసు మెట్లెక్కాను.

మొన్న సభలో లేచి ఊపిరితిత్తుల గురించి చెప్తుంటే, మిల్లు యజమానుల తరఫు మెంబరు "డాక్టరు గారూ, ఇది ఆసుపత్రి కాదు" అన్నాడు. "నిజమేనండీ, ఆసుపత్రిలో అయితే జనం నిజం చెప్తారు" అన్నాను. కాసేపు గోల. మా ముసలి నాయకుడు మాత్రం నవ్వలేదు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక జత బట్టలు ఎప్పుడూ సంచిలో పెట్టుకో" అన్నాడు.

నువ్వేమీ కంగారు పడకు. కొన్నాళ్ళు ఉత్తరం రాకపోతే పనుల్లో ఉన్నాననుకో. ఎప్పుడైనా మన ఇస్త్రీ పెద్దాయన నా చొక్కా తెచ్చిస్తే కాలరు విప్పి చూడు. ఊరికే చెప్తున్నాను.

నీ చిన్నోడు


ఇల్లు

చిన్నోడా,

ఊరికే చెప్తున్నాను అన్నావు. ఊరికేనా?

ఇస్త్రీ పెద్దాయన పొద్దున చొక్కా తెచ్చి బల్లమీద పెట్టాడు. "కాలరు చిరిగిందమ్మా, కాస్త చూడండి" అని నా కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. ఎక్కడా చిరగలేదు. విప్పితే లోపల "బాగున్నాను" అని ఒకే మాట. ఇది కూడా నీ చొక్కా కాలర్లోనే పెట్టి కుట్టి ఆయన చేతికే ఇస్తున్నాను.

మీ పార్టీని నిషేధించారని టీకొట్టు రేడియోలో చెప్పిన కాసేపటికే పోలీసులు వచ్చారు. నీ మందుల సీసాలన్నీ మూతలు తీసి వాసన చూశారు. ఒక కానిస్టేబులు స్పిరిట్ సీసాని మరీ శ్రద్ధగా చూశాడు. గోడమీద ఊపిరితిత్తుల పటం చింపి వెనక ఏముందో వెతికారు. వెనక గోడే ఉంది. వాళ్ళ ఇనస్పెక్టరు మాత్రం ఏమీ ముట్టుకోలేదు. బూట్లు తుడుచుకుని లోపలికొచ్చాడు, నన్ను "అమ్మా" అన్నాడు. అరిచేవాడైతే నాకింత భయం వేసేది కాదు.

అసలు సంగతి ఇది. నిషేధానికి ఎదురుతిరిగిన కూలీల మీద మిల్లు గేటు దగ్గర కాల్పులు జరిగాయి కదా, ఆ రోజు దెబ్బ తిన్న ఒక కూలీ తర్వాత దొరికిపోయాడు. చేతికి కట్టు ఉంటే విప్పించడానికి గవర్నమెంటు సర్జను దగ్గరికి తీసుకెళ్ళారు. సర్జను అంటే నీతో చదువుకున్న ఆ పీపాగాడే. కుట్టు చూడగానే వాడి మొహం మారిందట. "ఎవరి చెయ్యి ఇది?" అన్నాడట ఇనస్పెక్టరు. ముందు తెలీదన్నాడు. తర్వాత చెప్పేశాడు. వాడి భార్య స్కర్టు నడుం వదులు చేయించుకునే వంకతో వచ్చి, ఏడుస్తూ ఇదంతా చెప్పింది. నేను గుండుసూదులు గుచ్చుతూ విన్నాను. ఒకటి నా వేలికే గుచ్చుకుంది.

ఇక వాళ్ళకి నీ ఫోటో అక్కర్లేదు. ఎవరి ఒంటిమీద ఎదురుకుట్టు పచ్చిగా కనబడితే, నువ్వెక్కడున్నావో వాళ్ళకి తెలుసన్నమాటే. మళ్ళీ సూది ముట్టుకోనని నామీద ఒట్టు పెట్టు. ఎవడి పేగులు బయటికొచ్చినా సరే.

అక్క


పిండి బస్తాల మధ్య నుంచి
(ఎక్కడని అడక్కు)

అక్కా,

కాల్పుల రోజు ఊళ్ళోకి వచ్చి బండ్ల షెడ్డులో కుట్టాను, నిజమే. తలుపులు ఊడదీసి, దెబ్బ తగిలినవాళ్ళని వాటి మీద పడుకోబెట్టారు. నా చేతిముద్ర ఒక్కొక్కరి ఒంటిమీదా వేస్తున్నానని అప్పుడు తోచలేదు. నీమీద ఒట్టు, ఇక సూది ముట్టను.

పార్టీ వాళ్ళు నన్ను ఒక రొట్టెల బట్టీ వెనక గదిలో ఉంచారు. బట్టీ నడిపే మొగుడూ పెళ్ళాలకి నేనో గుమాస్తానని చెప్పారు. పగలంతా ఈ గదిలోనే. వీధిలో బండి ఆగిన చప్పుడైతే నా వేళ్ళు వాటంతటవే మణికట్టు మీదికి వెళ్తున్నాయి. ఎంతమందికో "భయం లేదు" అని చెప్పాను గానీ, భయంలో నాడి ఇలా ఎగిరెగిరి పడుతుందని నా దగ్గరే తెలుసుకున్నాను. నోరు ఎండిపోతుంది, చెవుల్లో హోరు.

గోడ అవతల బట్టీ ఆయన దగ్గు వినబడుతుంది. పిండి దుమ్ము. ఇవతల కూచుని ఆ జబ్బు పేరు నాలో నేనే చెప్పుకుంటాను. మూతికి తడిగుడ్డ కట్టుకోమని చెప్పాలని ఉంటుంది. గుమాస్తాలు అలాంటివి చెప్పరు కదా అని నోరు మూసుకుంటున్నాను.

అక్కడ అందరూ బాగున్నారా? మన బండాయన ఎలా ఉన్నాడు?

నీ చిన్నోడు


ఇల్లు

చిన్నోడికి,

ఒట్టు పెట్టావు, సంతోషం. దానిమీద నిలబడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, చిన్నప్పటి ఆ మొండితనం ఇప్పుడు చూపించు.

మిల్లు గేటు దగ్గరా బజారులోనూ చొక్కా చేతులు పైకి తియ్యమంటున్నారు. ఆడవాళ్ళకైతే వేరే గది. గాయం మీద ఎదురుకుట్టు ఉంటే జీపెక్కించడమే. పాతమచ్చ, కొత్తమచ్చ అని చూడటం లేదు. జనం పాత మచ్చలకి కూడా గుడ్డలు చుట్టుకు తిరుగుతున్నారు. గుడ్డ కనబడితే మరీ అనుమానం. నీ పేరు ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళో, ఇప్పుడంత దాచుకుంటున్నారు. వాళ్ళని ఏమీ అనకు, ప్రాణం ఎవరికైనా తీపే.

బండాయన బాగానే ఉన్నాడు. కాస్త నలతగా ఉందట, బండి తోలడం లేదు.

నాకో ఆలోచన వచ్చింది. అదేమిటో నువ్వు అడగొద్దు, నేను చెప్పను. నర్సమ్మకి మాత్రం చెప్పాను. విని, లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

అక్క


పిండి బస్తాల మధ్య నుంచి

అక్కా,

బండాయన నలతగా లేడు. పోయాడు. స్టేషనులో పోయాడని రొట్టెలు కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పుకుంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. గడ్డం మీద మచ్చ చూసి పట్టుకెళ్ళారు. అది ఎప్పటి కుట్టో నీకు తెలుసు, గుర్రం తన్నినప్పటిది. పాపం, నేనెక్కడున్నానో ఆయనకేం తెలుసు? తెలియనిది ఎంత కొట్టినా ఎక్కణ్ణుంచి చెప్తాడు? నువ్వు దాచిపెట్టావు. నీమీద కోపం లేదు. నేనైనా దాచేవాణ్ణే.

నేనూ ఒకటి చెప్పాలి. ఒట్టు తప్పాను.

బట్టీ ఆయన భార్య చెయ్యి పిండి కలిపే మిషన్లో పడింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చీరుకుపోయింది. అతను గుడ్డ అదిమి పట్టుకుని "ఎవరైనా రండి" అని అరుస్తున్నాడు. గుమాస్తా ఎంతసేపు గుమాస్తాగా ఉంటాడు? వేణ్ణీళ్ళు అడిగాను, సూది అడిగాను. ఈసారి తెలివిగా చేద్దామని కుడిచేత్తో మొదలుపెట్టాను, అందరిలాగా. నా చెయ్యి పసిపిల్లాడి చెయ్యిలా వణికింది. సూది జారింది, రక్తం చిమ్మింది, ఆవిడ నా మొహంలోకి చూసి ఇక బతకననుకుంది. అప్పుడు సూది ఎడమచేతికి మార్చాను. మార్చీ మార్చగానే వణుకు ఆగిపోయింది. కుట్టడం అయ్యాక బట్టీ ఆయన కుట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. కొత్త రొట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

ఇప్పుడు ఆవిడ చేతిమీద నా గుర్తు ఉంది. రేపు బజారుకి వెళ్తే ఆవిడ గతి? ఆవిడ మొగుడి గతి? మనుషుల్ని బతికిద్దామని వెళ్ళి వాళ్ళ ఒంటిమీద చావు రాసి వస్తున్నాను. పార్టీ వాళ్ళు నన్ను సరిహద్దు దాటిస్తామంటున్నారు. నేను వెళ్ళను. సోమవారం పొద్దున స్టేషనుకి నడిచి వెళ్ళి లొంగిపోతాను. నన్ను పట్టుకున్నాక ఇక చొక్కాలు విప్పించే పని ఉండదు వాళ్ళకి. నిన్ను అడగడం లేదు, చెప్తున్నాను.

నీ చిన్నోడు


ఇల్లు

ఒరేయ్,

సోమవారం నువ్వు ఆ స్టేషను మెట్టెక్కావా, నేను నీకు అక్కనీ కాను, నువ్వు నాకు తమ్ముడివీ కావు. ఇది చదివాక కూడా వెళ్తానంటే నీ ఖర్మ.

దాచినదేమిటో చెప్తున్నాను. ఆ రోజు నర్సమ్మ తలుపు గడియ పెట్టింది కదా, ఆమెని తీసుకొచ్చి నీ స్టూల్ మీద కూచోబెట్టాను. "నేను ఎలా కుడితే నువ్వూ అలా కుట్టు. ఏ చెయ్యని ఆలోచించకు" అన్నాను. మొదట దిండు గలీబు, తర్వాత మాంసం కొట్టు నుంచి తెచ్చిన తోలు. చేతులెలా కడగాలో, చర్మం ఎంత లోతు పట్టాలో ఆమెకి తెలుసు. వైపూ ముడీ నావి. ఆమెకి వచ్చాక గవర్నమెంటు ఆసుపత్రిలో ఆమె స్నేహితురాళ్ళు వచ్చారు, గౌన్లు కుట్టించుకునే నెపంతో. తర్వాత మంత్రసాని. తర్వాత మిల్లులో కట్లు కట్టే ఆయన. ఆయన పొట్ట మిషన్‌కి అడ్డం వచ్చింది, స్టూల్ వెనక్కి జరపాల్సొచ్చింది. నేను కొత్తగా చేసిందేమీ లేదు రా. ఎప్పుడూ కూచునే చోటే కూచున్నాను, ఎప్పుడూ కుట్టినట్టే కుట్టాను. నువ్వు కూచున్న చోట వాళ్ళు కూచున్నారు, అంతే.

ఇప్పుడు ఊళ్ళో ఎవరికి ఏం తెగినా ఎదురుకుట్టే. కూరగాయలు కోస్తూ వేలు కోసుకున్నవాళ్ళకి, మెట్ల మీద పడ్డ రిటైర్డు జడ్జిగారి నుదుటికి, అందరికీ. మొన్న బజారులో చొక్కాలు పైకి తీయిస్తే ఎంతమందినని జీపెక్కిస్తారు? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం అన్నట్టయింది వాళ్ళ పని. ఒక కానిస్టేబులుని కుక్క కరిస్తే మన నర్సమ్మ స్నేహితురాలే కుట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాడు తన చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ నిలబడ్డాడట. పట్టుకున్నవాళ్ళనందరినీ నిన్న వదిలేశారు. మీ బట్టీ ఆవిణ్ణి ధైర్యంగా బజారుకి వెళ్ళమను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండు. కానీ చెప్తున్నాను, చెప్పకపోతే మళ్ళీ దాచానంటావు.

ఈ మధ్యాహ్నం ఇనస్పెక్టరు వచ్చాడు. ఒక్కడే. "మీ పని మీరు చేసుకోండమ్మా" అని, వేరే చోటు లేనట్టు ఆ స్టూల్ మీదే కూచున్నాడు. నేను ఒక లంగా అంచు మడిచి చేతికుట్టు వేస్తున్నాను. ఆపితే అనుమానం, ఆపకపోతే చూస్తున్నాడు. అలా చూస్తూ చూస్తూ ఉన్నవాడు, తన ఎడమచెయ్యి మెల్లగా ఎత్తాడు రా. వేళ్ళు దగ్గర పెట్టి నా చెయ్యి ఎటు కదిలితే అటు గాలిలో కదిలించాడు. చెయ్యి దించి, "తమ్ముడు ఇక్కడే కూచునేవాడా అమ్మా?" అన్నాడు. "ఇంట్లో ఇంకో స్టూల్ లేదండీ" అన్నాను. నవ్వాడు. స్టూల్‌ని కూడా అరెస్టు చేస్తాడేమో అనుకున్నాను. లేచి వెళ్తూ, "రేపొకసారి స్టేషనుకి రండి. మావాళ్ళ చొక్కాలకి బొత్తాలు ఊడాయి" అన్నాడు.

వెళ్తాను. వెళ్ళకపోతే వాళ్ళే వస్తారు, నర్సమ్మ వాళ్ళు ఉన్నప్పుడు వస్తారు. బొత్తాలు కుట్టడం నాకేమీ కొత్త కాదు. నువ్వు సరిహద్దు దాటు.

అక్క


సరిహద్దు దగ్గర,
లారీల షెడ్డు నుంచి

అక్కా,

సోమవారం మాట వెనక్కి తీసుకున్నాను. నీ ఉత్తరం చదివి నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను, బట్టీ ఆవిడ గుమాస్తాకి పిచ్చెక్కిందనుకుంది. రాత్రికి రాత్రే ఇక్కడికి చేర్చారు.

కానీ నువ్వు స్టేషనుకి వెళ్ళకు. నా మాట విను. నర్సమ్మ వాళ్ళ ఊరు వెళ్ళిపో, మిషన్ అమ్మెయ్, ఏదో ఒకటి చెయ్యి. ఈ ఉత్తరం నీకు అందేసరికే ఆలస్యమైపోతుందేమో. నీ దగ్గర్నుంచి కబురు వచ్చేదాకా నేను లారీ ఎక్కను.

నీ చిన్నోడు


ఇల్లు

చిన్నోడికి దీవెనలు.

నేను క్షేమం. బొత్తాలు కుట్టించుకుని పంపేశారు. మర్యాదగానే మాట్లాడారు. టీ ఇచ్చారు. ఇంటి దాకా జీపులో దింపారు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. బొటనవేలికి సూది గుచ్చుకుని వాచింది. నర్సమ్మ చూస్తోంది. పెద్ద దెబ్బేమీ కాదు.

నువ్వు ఇక్కడికి రావద్దు. లారీ ఎక్కు. రావద్దు.

అక్క


లారీల షెడ్డు

అక్కా,

నీ ఉత్తరం ఎడమచేత్తో రాశావు. బొటనవేలు వాస్తే కలం కాస్త జారుతుంది, అక్షరాలన్నీ ఇలా అవతలికి వాలిపోవు. ఉత్తరం పెట్టిన కాలరు నువ్వు కుట్టలేదు. ఎదురుకుట్టు అది, నర్సమ్మది. నీ చేత్తో సూది పట్టగలిగితే నా చొక్కా ఇంకొకరి చేతికి ఇస్తావా నువ్వు?

చొక్కా తెచ్చిన ఇస్త్రీ పెద్దాయన్ని, ఆయనకి తోడొచ్చిన పార్టీ మనిషి ముందే నిలదీశాను. ఆయన నేల చూస్తూ చెప్పాడు. బల్ల సొరుగులో నీ కుడిచెయ్యి పెట్టించి మూశారని. మళ్ళీ మళ్ళీ మూశారని. నువ్వు ఒక్క పేరు కూడా చెప్పలేదని. జీపులో తెచ్చి గుమ్మంలో దింపి, వీధి వీధంతా వినేట్టు ఇనస్పెక్టరు అన్నాడట, "ఎముకలు కట్టే మంచి డాక్టరు ఎవరైనా ఉంటే చూపించుకోండమ్మా" అని. ఆ కొత్త డాక్టర్ని అదే రోజు ఊరు దాటించారట. సర్జనుకి నీ గుమ్మం తొక్కొద్దని చెప్పారట.

విన్న వెంటనే సంచి తీసుకున్నాను. ఊరి వైపు వెళ్ళే లారీ ఒకటి నిలబడి ఉంది. ఎక్కి కూచున్నాను కూడా. వేళ్ళ ఎముకలు వంకరగా అతుక్కుంటే ఇక విప్పలేం, తొందరగా వెళ్ళాలి, ముందు ఏ వేలు, తర్వాత ఏ వేలు అని మనసులో కట్టుకుంటున్నాను. డ్రైవరు బండి తిప్పుతున్నాడు. అప్పుడు నాకు ఆ స్టూల్ మీద కూచున్న మనిషి కనబడ్డాడు. నీ చెయ్యి విరగ్గొట్టి నిన్ను జైల్లో ఎందుకు వెయ్యలేదు? ఇంటికెందుకు పంపాడు? పేరు చెప్పించలేకపోయాక, వాడు నా జబ్బేమిటో కనిపెట్టాడక్కా. దెబ్బ తగిలిన మనిషి ఉన్నాడని తెలిస్తే ఆగలేకపోవడం. నాకంటే సరిగ్గా నా నాడి పట్టాడు. నీ గుమ్మం దగ్గర నాకోసం కూచుని ఉన్నాడు. నేను వస్తే నన్ను పట్టుకుంటాడు, తర్వాత నీ స్టూల్ మీద కూచున్న ఒక్కొక్కరినీ నా కళ్ళముందు తెస్తాడు. నేను నీలాగా నోరు మూసుకోగలనని నమ్మకం లేదు. నాకు చాలా భయంగా ఉంది.

లారీ దిగాను. దిగి ఈ కాగితం తీసుకున్నాను.

నర్సమ్మకి ఇది చదివి వినిపించు. నీ చెక్క స్కేలు విరగ్గొట్టి పుల్లలు చెయ్యమను. అరచేతిలో గుడ్డ ఉండ పెట్టి, వేళ్ళు దానిమీద వంగి ఉండేట్టు ఒక్కొక్కటే కట్టమను. తిన్నగా చాపి కట్టొద్దు. గోళ్ళు నల్లబడుతున్నాయేమో చూస్తూ ఉండమను, నల్లబడితే కట్టు వదులు చెయ్యాలి. చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకో. నొప్పి తగ్గి, ఎముక గట్టిపడిందని నర్సమ్మ చెప్పాక కట్లు విప్పండి.

అప్పుడు నర్సమ్మని మిషన్ వెనక నీ చోట కూచోబెట్టు. నువ్వు నా స్టూల్ మీద కూచో. ఆమె ఎడమచేత్తో కుడుతుంది. ఆమె చెయ్యి ఎటు కదిలితే నువ్వు నీ కుడిచెయ్యి అటు కదుపు. మొదట్లో ఊరికే గాలిలో. తర్వాత గుడ్డ పట్టుకో. నొప్పి పుడుతుంది, ఏడుపొస్తుంది, మానకు. నువ్వు వాళ్ళకిచ్చింది వాళ్ళ దగ్గర ఉంది, తిరిగి తీసుకో.

ఇప్పటిదాకా పిలిచిన ఏ ఇంటికీ నేను రానని చెప్పలేదు. పిలవని ఇళ్ళకి కూడా వెళ్ళాను, నీమీద పెట్టిన ఒట్టు తప్పి మరీ వెళ్ళాను. ఈసారి నీ మాట వింటున్నాను.

అవతలి వైపు వెళ్ళే లారీ వాడు పిలుస్తున్నాడు.

అక్కా, నేను రావడం లేదు.

నీ చిన్నోడు